అప్‌డేట్: ఒకే ఫోల్డర్ రెండుగా కనిపించడం – సరైపోయింది

మొన్న నేను అడిగింది ఇదీ: మధురవాడ ఆఫీసులో విండోస్ మీద స్టాప్స్ ఫోల్డర్ ఒక్కటే. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లో, లినక్స్ సర్వర్‌లో మాత్రం రెండు: పెద్ద ఎస్‌తో ఒకటి, చిన్న ఎస్‌తో ఒకటి. గాజువాక.జేసన్ ఒకదాంట్లో, మద్దిలపాలెం.జేసన్ ఇంకోదాంట్లో.

కోడ్ రాసే ఎడిటర్ తప్పేమీ లేదండి. విండోస్ పెద్ద, చిన్న అక్షరాలకు తేడా చూడదు. ఫైళ్ల మార్పులను గుర్తుపెట్టుకునే గిట్ ప్రోగ్రాం దగ్గరుండే ఫైళ్ల జాబితా, అంటే ఇండెక్స్, ఆ తేడా చూస్తుంది. ఆ జాబితా చూపించే గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్ కమాండ్ కొడితే రెండు దారులూ బయటపడ్డాయి.

ముందు చేతిలో పనంతా కమిట్ చేయండి, అంటే గిట్‌లో భద్రపరచండి. డిస్క్ మీద ఫోల్డర్‌ని స్టాప్స్‌టెంప్ అని మార్చి, మళ్లీ చిన్న ఎస్‌తో స్టాప్స్ చేయండి. తర్వాత గిట్ ఆర్ఎమ్ -ఆర్ --క్యాష్డ్, చివర స్పేస్ ఇచ్చి చుక్క. ఇది ఫైళ్లను ఇండెక్స్ నుంచి మాత్రమే తీస్తుంది. క్యాష్డ్ మర్చిపోతే ఫైళ్లు డిస్క్ నుంచే పోతాయి, జాగ్రత్త. ఆపైన వాటిని మళ్లీ చేర్చడానికి గిట్ యాడ్, స్పేస్, చుక్క. గిట్ స్టేటస్‌లో ఆ ఫైళ్ల పక్కన 'రీనేమ్డ్' అని మాత్రమే ఉండాలి. 'డిలీటెడ్' కనిపిస్తే, అది బహుశా గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా) ఉండి కూడా ఇదివరకే ట్రాక్ అయిన ఫైలు. కావాలంటే గిట్ యాడ్ -ఎఫ్‌తో వెనక్కి తెచ్చుకోండి.

పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోవద్దని గిట్‌కు చెప్పే సెట్టింగ్ కోర్.ఇగ్నోర్‌కేస్‌ని ఫాల్స్ చేయమని ఒకరన్నారు. విండోస్‌లో అది వద్దు, ఇలాంటి జంట దారులు ఇంకా పుడతాయి.

కోడ్‌లో వేరే ఫైళ్లను పిలిచే ఇంపోర్ట్ లైన్లలో పెద్ద ఎస్ మిగిలితే విండోస్‌లో నడుస్తుంది, లినక్స్‌లో 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' వస్తుంది. అవీ మార్చాను. టీమ్‌లో మిగతావాళ్లు పుల్ చేస్తే, అంటే కొత్త మార్పులు మాత్రం దించుకుంటే, వాళ్ల డిస్క్ మీద పాత పేరే ఉండిపోవచ్చు. కొత్తగా క్లోన్ చేసుకోవడమే, అంటే మొత్తం మళ్లీ దించుకోవడమే మంచిది.