పాల గ్లాసు దాకా అద్భుతం, ఆ తర్వాతే అన్యాయం: హిచ్‌కాక్ ‘సస్పిషన్’

పాతరీలు: 1941 నాటి సినిమా ‘సస్పిషన్’ మళ్లీ చూశాను. భర్త జానీ చంపేస్తాడేమోనని లీనా వణికిపోతుంటుంది, మనమూ వణికిపోతాం. చీకటి మెట్ల మీద జానీ పాలు పట్టుకొస్తుంటే మన చూపు కదలకూడదని గ్లాసులో బల్బు పెట్టించాడు దర్శకుడు హిచ్‌కాక్. అంతా చేసి, చివర్లో కొండదారిలో కారు ఆపి రెండు మాటలతో జానీని మంచివాణ్ణి చేసేశారు. ఇది మోసం కాదా?

నిశి: కాదు. మనం లీనా కళ్లతోనే చూశాం. ఆమె పొరబడిందని తెలియడమే అసలు దెబ్బ.

చివరిసీటు: పాలలో విషం ఉందా, లేదా?

పాతరీలు: నిశి గారూ, మూలమైన ఫ్రాన్సిస్ ఐల్స్ నవలలో భర్త హంతకుడే. హిచ్‌కాక్ అనుకున్న ముగింపు వేరు: లీనా తల్లికి నిజం ఉత్తరంలో రాసి, తెలిసే ఆ పాలు తాగుతుంది. ఆ ఉత్తరం జానీయే పోస్టు చేస్తాడు. జానీగా వేసిన కేరీ గ్రాంట్ హంతకుడైతే జనం ఒప్పుకోరని మార్చారు.

నిశి: తీయని సీను చూపించి తీసిన సినిమాను కొట్టకండి.

చివరిసీటు: పొద్దున గ్లాసు నిండుగానే ఉంది. విషం సంగతి ఎవరూ చెప్పరేం?

రాధిక: లీనాగా వేసిన జోన్ ఫాంటేన్‌కి ఆస్కార్ వచ్చింది దీనికే. ఆ కళ్లలో భయం చాలు నాకు.

పాతరీలు: నా కథకూ ఇదే గతి పట్టింది. జనం ఏడుస్తూ వెళ్లకూడదని నిర్మాత ముగింపు మార్పించాడు. ఇప్పటికీ మండుతూనే ఉంది.

నిశి: ఆ కోపం దీని మీద చూపిస్తే ఎలా? మా ఇంట్లో ఒకాయన్ని ఏళ్ల తరబడి దొంగ అనుకున్నారు. ఆయన తప్పు లేదని తేలేసరికి ఆయన లేడు. అనుమానించినవాళ్లది తప్పని చెప్పే సినిమా నాకు కావాలి.

పాతరీలు: మీ ఇంట్లో ఆయన ఏ తప్పూ చేయలేదు. జానీ అలాంటివాడా? మామగారు పెళ్లికిచ్చిన కుర్చీలు అమ్మేశాడు. ఉద్యోగంలో డబ్బు కాజేశాడు. నోరు తెరిస్తే అబద్ధం. ఆమె భయం ఊరికే పుట్టలేదండీ. అయినా చివర్లో తప్పు తనదే అన్నట్టు మాట్లాడేది లీనా! నా కడుపుమంట అక్కడ. హంతకుడా కాదా అన్నది తర్వాత.

నిశి: జైలుకైనా వెళ్తానని అతనూ అన్నాడుగా. తప్పు ఒప్పుకున్నవాడికి ఒక అవకాశం ఇవ్వకూడదా?

రాధిక: ఇవ్వొచ్చు. కానీ ఇన్నాళ్లు ఎందుకు భయపెట్టావని ఆమె ఒక్క మాటైనా అడగాలి కదండీ. అడగకుండానే కారు వెనక్కి తిప్పేశారు.