తొమ్మిదో తరగతి అమ్మాయికి కాలేజీ సాకర్ కోచ్‌లు ఎందుకు బదులివ్వరు?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): మా అమ్మాయి తొమ్మిదో తరగతి, క్లబ్ జట్టులో డిఫెండర్. ఆట వీడియో జతచేసి కాలేజీ క్రీడల్లో అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ 1 కోచ్‌లు ఆరుగురికి ఈమెయిల్ రాస్తే, ఒక క్యాంపు కరపత్రం మాత్రమే వచ్చింది. రోజూ బడి నుంచి రాగానే ఇన్‌బాక్స్ తెరిచి చూసి చిన్నబోతోంది. ఆమె ఆట వారికి నచ్చలేదనుకోవాలా?

జవాబు: అలా అనుకోకండి. అమెరికాలో కాలేజీ క్రీడలను పర్యవేక్షించే ఎన్‌సీఏఏ అనే సంస్థ నిబంధనల ప్రకారం, పదో తరగతి ముగిసిన ఏడాది జూన్ 15 వచ్చేదాకా డివిజన్ 1 సాకర్ కోచ్‌లు అమ్మాయికి గాని, మీకు గాని ఫోన్ చేయడానికీ, జట్టులోకి తీసుకోవడం గురించి రాయడానికీ వీల్లేదు. క్యాంపు వివరాలు, ప్రశ్నావళి మాత్రం ఎప్పుడైనా పంపవచ్చు. అమ్మాయి రాయడానికి అడ్డేమీ లేదు కనుక, ప్రతి టోర్నమెంటుకు ముందు మైదానం, సమయం, జెర్సీ నంబరు తెలుపుతూ రాస్తూనే ఉండాలి. దయచేసి ఆ ఉత్తరం మీరు రాయకండి, తననే రాయనివ్వండి.

మరో జవాబు: మా అబ్బాయి విషయంలో మేము ఆలస్యంగా గ్రహించింది చదువు సంగతి. డివిజన్ 1కు హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు వంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ (4కి లెక్కగట్టే సగటు గ్రేడు) కావాలి. అందులో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తి కావాలి. అంటే ఈ ఏడాది మార్కులూ లెక్కలోకి వస్తాయి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. జూన్ 15 తేదీని అమ్మాయికి ఈ రాత్రే చూపిస్తాను.