ముక్కు విరిగి, రెక్క మడత పడిన ఈపీఓ ట్రైనర్: ఫీల్డ్‌లోనే బాగుచేసి మళ్లీ ఎగరేయొచ్చా?

కొత్తరెక్క

అందరికీ నమస్కారం. నాది 1.4 మీటర్ల రెక్క ఉన్న ఈపీఓ (ఒక రకం ఫోమ్) ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్లు ఎగరేసే రిమోట్ కంట్రోల్ విమానం. ముందు మోటారు (2212 సైజు, 1000 కేవీ, అంటే వోల్టుకి 1000 ఆర్‌పీఎమ్), 10×4.5 ప్రాప్ (ప్రొపెల్లర్), 3ఎస్ 2200 (మూడు సెల్స్, 2200 ఎంఏహెచ్) బ్యాటరీ. ముక్కుతో నేలకు కొట్టింది. నష్టం ఇదీ: బ్యాటరీ అర దగ్గర బాడీ రెండు ముక్కలైంది, ముక్కు భాగం నలిగి లోపలికి పోయింది. ఎడమ రెక్క మీద, మొదలు నుంచి జానెడు దూరంలో మడత పడింది. అదేచోట కింద చీలిక. లోపలి కార్బన్ ట్యూబు కూడా పగిలినట్టు కరకరమంటోంది. కుడి ఐలరాన్‌ని (రెక్క వెనక అంచున కదిలే పలక) కదిపే సర్వో (చిన్న మోటారు) వణుకుతోంది. ఫీల్డ్ నుంచి హాబీ షాపు చాలా దూరం.

అడగాలనుకున్నవి మూడు. ఏ వరసలో పని మొదలుపెట్టాలి? ఫెవిక్విక్ వాడితే ఫోమ్ కరుగుతుందా? ఇలాంటివాటికి పెట్టెలో ఏమేం ఉంచుకోవాలి?

వెదురుపుల్ల

జిగురు మూత తీసే ముందు బ్యాటరీ సంగతి చూడండి. కనెక్టర్ పీకి, ప్యాక్ బయటికి తీసి, ఎండుగడ్డికి దూరంగా మట్టి నేల మీద అరగంట ఉంచండి. కారులో మాత్రం పెట్టొద్దు. మూల నలిగినా, ఉబ్బినా, తియ్యటి వాసన వచ్చినా ఆ ప్యాక్ పని అయిపోయినట్టే. పైకి బాగానే ఉంటే చెకర్ పెట్టి సెల్స్ విడివిడిగా చూడండి. ఒక సెల్ మిగతావాటికంటే 0.1 వోల్టు పైన తేడాగా ఉంటే ఆరోజుకి దాన్ని వాడొద్దు, చార్జ్ పెట్టొద్దు.

ప్రాప్ అంచు కాస్త చిట్లినా పారేయండి, అతికించొద్దు. 10 అంగుళాల ప్రాప్ 8000 ఆర్‌పీఎమ్ మీద తిరిగితే దాని కొస సెకనుకు 106 మీటర్లు, అంటే గంటకు 380 కి.మీ. దాటి పోతుంది. అతుకు ఊడితే ముక్క ఎటు వస్తుందో చెప్పలేం. మిగిలిన సగం బ్యాలన్స్ తప్పి మోటారునే మౌంటు (మోటారు బిగించే భాగం) నుంచి పీకేస్తుంది.

ఫెవిక్విక్ ఈపీఓని, ఈపీపీని కరిగించదు, ధైర్యంగా వాడండి. థర్మాకోల్, డెప్రాన్, సన్‌బోర్డు లోపలి ఫోమ్ మాత్రం కరిగిపోతాయి. తేడా తెలియకపోతే లోపలివైపు, కనపడనిచోట ఒక్క చుక్క వేసి నిమిషం చూడండి. గుంట పడితే అది ఈపీఓ కాదు.

ఇక వరస. జిగురు కంటే ముందు వేడినీళ్లు. నలిగిన ఈపీఓ గింజల్లో గాలి ఇంకా ఉంటుంది, వేడి తగిలితే మళ్లీ ఉబ్బుతాయి. ఫ్లాస్కులో మరిగిన నీళ్లు తెచ్చుకుంటే చాలు. మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగం మార్చే బోర్డు), రిసీవర్ తీసేసి, నలిగినచోట నీళ్లు సన్నగా ధారగా పోయండి. పది, పదిహేను సెకన్లలో ముడతలు లేచి, ఫోమ్ దాదాపు పాత ఆకారానికి వస్తుంది. వేలితో నొక్కి సరిచేయడానికి అదే సమయం. అప్పుడు పగిలిన రెండు ముఖాలు ఒకదానిలో ఒకటి తాళంలా కూర్చుంటాయి. నలిగిన ముఖాలను అలాగే అతికిస్తే మధ్యలో సందులు మిగిలి, ముక్కు ఒక పక్కకి తిరుగుతుంది. తర్వాత బట్టతో తుడిచి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద ఫెవిక్విక్ పడితే తెల్లగా పొంగి అక్కడికక్కడే గట్టిపడుతుంది, పట్టు మాత్రం ఉండదు.

ముక్కుకి: ముందు జిగురు లేకుండా రెండు ముక్కలూ కలిపి చూసుకోండి. బార్బెక్యూ పుల్లలు (3 మి.మీ. వెదురు) నాలుగు తీసుకుని 8 సెం.మీ. ముక్కలుగా కోయండి. విరిగిన ముఖంలో నాలుగు మూలలా సగం సగం దిగేలా గుచ్చి, రెండో భాగాన్ని వాటి మీదకి నెట్టండి. సరిగ్గా కూర్చుందని తేలాకే విడదీసి జిగురు వేయండి. ఇక్కడ ఫెవిక్విక్ కంటే 5 నిమిషాల ఎపాక్సీ (రెండు ట్యూబులు కలిపి వాడే జిగురు) మేలు. సందులు నిండుతాయి, వంకర ఉంటే సరిచేయడానికి రెండు నిమిషాలు దొరుకుతాయి. ఆ తర్వాత బాడీ చుట్టూ ఫైబర్ టేపు (లోపల దారాలున్న టేపు) రెండు చుట్లు, పొడవునా ఇరువైపులా ఒక్కో పట్టీ.

మోటారు మౌంటు కోణం మరిచిపోవద్దు. చాలా ట్రైనర్లలో మోటారు 2, 3 డిగ్రీలు కిందికీ, కుడికీ వంచి ఉంటుంది. స్క్రూల మధ్య 19 మి.మీ. దూరం ఉన్న మౌంటులో ఒకవైపు 1 మి.మీ. వాషర్ పెడితే దాదాపు 3 డిగ్రీలు మారుతుంది. అంత చిన్న తేడా చాలు, థ్రాటిల్ తెరవగానే విమానం పైకి లేవడానికో, ఎడమకి లాగడానికో. కాబట్టి మౌంటు ఊడి ఉంటే పాత స్క్రూ గుర్తుల మీదే కూర్చోబెట్టండి.

రెక్కే అసలు పని. ఎగిరేటప్పుడు రెక్క పైకి వంగుతుంది. అంటే కింది చర్మం సాగుతుంది, పైది నొక్కుకుపోతుంది. టేపు లాగుడుని ఆపుతుంది, నొక్కుడుని ఆపలేదు. అందుకే పైన మడత కనపడింది కదా అని పైన మాత్రమే టేపు వేస్తే మొదటి మలుపులోనే రెక్క ముడుచుకుంటుంది. కింద ఫైబర్ టేపు తప్పనిసరి, పైన పుల్ల తప్పనిసరి.

రెక్క పై భాగంలో, మందం ఎక్కువున్నచోట మడతకి అడ్డంగా, రెక్క పొడవునా 25 సెం.మీ. గాటు పెట్టండి. లోతు 3 మి.మీ. చాలు. మడత సరిగ్గా మధ్యలోకి రావాలి. గాటులో పుల్ల పెట్టి ఫెవిక్విక్ పారించండి. దానికి 3 సెం.మీ. వెనకగా ఇంకో పుల్ల. రెండింటి కొసలూ ఒకే గీత మీద ఆపొద్దు, ఒకటి 4 సెం.మీ. ముందే ఆగాలి. లేకపోతే కొసలు ఆగినచోట కొత్త మడత పడుతుంది. కింద, మడతకి ఇటు 15 అటు 15 సెం.మీ. వచ్చేలా ఫైబర్ టేపు రెండు పట్టీలు. దుమ్ము మీద టేపు అంటుకోదు. మందుల షాపులో దొరికే స్పిరిట్ స్వాబ్‌తో ముందు తుడవండి. చేతుల శానిటైజర్ జెల్ వద్దు, అందులోని గ్లిజరిన్ జిడ్డు మిగులుస్తుంది.

కార్బన్ ట్యూబు పగిలితే లోపల సరిపోయేలా వెదురు పుల్ల చెక్కి, 8 సెం.మీ. ముక్కని ఎపాక్సీ పూసి దూర్చండి. పైన కుట్టు దారం చుట్టు పక్కన చుట్టు పడేలా బిగించి, చిట్లినచోటు దాటి రెండు వైపులా 2 సెం.మీ. దాకా చుట్టి, దారం తడిసేలా ఫెవిక్విక్ పోయండి. కార్బన్ కోసేటప్పుడు నీళ్లతో తడిపి కోయండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, నూగు చర్మంలో దిగితే తీయడం కష్టం.

సర్వోహార్న్

పైన చెప్పినదానికి నాదొక్క చేర్పు. రెక్క అతికేటప్పుడు మెలి చూసుకోండి. చదునైన గచ్చు మీద పెట్టి రెండు రెక్కల వెనక అంచుల ఎత్తు కొలవండి. 20 సెం.మీ. వెడల్పు రెక్కలో 3.5 మి.మీ. తేడా అంటే 1 డిగ్రీ మెలి. ట్రిమ్‌తో (ట్రాన్స్‌మిటర్ మీది చిన్న సవరణ బటన్లతో) సరిచేస్తే ఒక వేగంలో సరిపోతుంది, ల్యాండింగ్‌లో వేగం తగ్గగానే ఎక్కువ కోణం ఉన్న రెక్క ముందు స్టాల్ అయి (గాలి పట్టు తప్పి) పడిపోతుంది. జిగురు ఆరకముందే కొలవాలి, ఆరాక చేసేదేమీ లేదు.

సర్వో: పవర్ తీసేసి, ఆర్మ్‌ని వేళ్లతో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. ఒకచోట టక్కున జారితే పళ్లు పోయాయి. నున్నగా తిరుగుతూనే పవర్ పెట్టగానే వణికితే పుష్‌రాడ్ (సర్వోని పలకకి కలిపే తీగ) బిగుసుకుందా, వైరు నలిగిందా చూడండి. పుష్‌రాడ్ విడదీశాక కూడా వణుకు పోకపోతే సర్వోనే పోయింది. ప్లాస్టిక్ పళ్ల 9 గ్రాముల సర్వో ఒకటి పెట్టెలో ఎప్పుడూ ఉండాలి.

అది కూడా లేకపోతే దారి ఉంది. మీ రెక్క కొసలు పైకి లేచి ఉన్న రకమైతే ఐలరాన్లు లేకుండానే ఎగురుతుంది. రెండు ఐలరాన్లనీ సరిసమానంగా పెట్టి పైనా కిందా టేపుతో బిగించండి. రడ్డర్ (తోక మీది నిలువు పలక) సర్వో వైరుని రిసీవర్‌లో ఐలరాన్ చానల్‌లో (చాలా రేడియోల్లో 1వది) గుచ్చండి, అప్పుడు ట్రాన్స్‌మిటర్ కుడిచేతి కర్రతోనే మలుపులు తిరుగుతాయి. కర్ర కుడికి నెడితే రడ్డర్ వెనక అంచు కుడికి పోవాలి. లేకపోతే రివర్స్ చేయండి. ఎలివేటర్ (తోక మీది అడ్డ పలక) సర్వో పోతే మాత్రం వేరే దారి లేదు, బాగున్న ఐలరాన్ సర్వోని తీసి తోకకి పెట్టాల్సిందే.

హార్న్ (పలక మీద పుష్‌రాడ్ తగిలించే చిన్న కొమ్ము) విరిగితే పాత ఏటీఎం కార్డు కోయండి. రెండు పొరలు అతికించి, 15 మి.మీ. ఎత్తులో చిన్న రంధ్రం. ఆ రంధ్రం సరిగ్గా హింజ్ గీత (పలక మడిచే గీత) మీదకి రావాలి. వెనక్కి జరిగితే పలక పైకి ఒకంత, కిందికి ఒకంత కదులుతుంది. పుష్‌రాడ్ కొస విరిగితే జెమ్ క్లిప్ తీగ 1 మి.మీ. దాకా ఉంటుంది, సర్వో ఆర్మ్ రంధ్రంలో పడుతుంది. అది మెత్తటి తీగ, 5 సెం.మీ. మించి ఆధారం లేకుండా వదలొద్దు, నెట్టినప్పుడు విల్లులా వంగుతుంది. సైకిల్ స్పోకు 2 మి.మీ., ఆర్మ్‌లో దూరదు. అది ల్యాండింగ్ గేర్ ఇరుసుకి బాగుంటుంది.

రిసీవర్ యాంటెన్నా కూడా చూడండి. కొసన పైపొర లేకుండా ఉన్న భాగం 31 మి.మీ. ఉండాలి, 2.4 గిగాహెర్ట్జ్ అలలో పావు వంతు అది. కొస తెగితే బ్లేడుతో పైపొరనీ, దాని కింది లోహపు అల్లికనీ మళ్లీ 31 మి.మీ. మేర జాగ్రత్తగా తీసేయండి. మధ్య తీగ మీద తెల్ల తొడుగు మాత్రం అలాగే ఉంచాలి. కార్బన్ ట్యూబు పక్కన యాంటెన్నా కట్టొద్దు.

గ్లూగన్

ఇంత కష్టమెందుకు, హాట్ గ్లూ వేస్తే రెండు నిమిషాల్లో పని అయిపోదా?

వెదురుపుల్ల

సన్‌బోర్డు విమానానికి హాట్ గ్లూ సరైనదే, అక్కడ ఫెవిక్విక్ పనికిరాదు కూడా. కానీ మోటారు మౌంటుకి వద్దు అన్నా. మే నెల ఎండలో మూసిన కారులో పెడితే ఆ అతుకు మెత్తబడి మోటారు మెల్లగా కిందికి వాలుతుంది. పైకి అతుకు బాగానే కనపడుతుంది, కోణం మాత్రం మారిపోయి ఉంటుంది. బరువు కూడా ఎక్కువ.

కొత్తరెక్క

చాలా థాంక్స్ అందరికీ. తోక బూమ్ (తోకని మోసే సన్న భాగం) మీద కూడా సన్న పగులు కనపడింది. పుల్ల, టేపు, జిగురు కలిపి అక్కడ 12 గ్రాములు అయ్యేలా ఉంది. దానికి ముక్కులో సీసం వేయాలా?

సర్వోహార్న్

సీసం వద్దండీ, బ్యాటరీ జరపండి. లెక్క తేలికే. తోకలో కలిసిన బరువుని సీజీ (విమానం బరువు సమతూకంగా నిలిచే చోటు) నుంచి దాని దూరంతో గుణించి, బ్యాటరీ బరువుతో భాగించండి. అతుకు సీజీకి 66 సెం.మీ. వెనక ఉంది అనుకుంటే 12 × 66 = 792. మీ ప్యాక్ 180 గ్రాములైతే 792 ÷ 180 = 4.4 సెం.మీ. అంత మేర ప్యాక్ ముందుకి జరిపితే సీజీ పాతచోటికి వస్తుంది. చోటు లేకపోతేనే సీసం. ముక్కు సీజీకి 22 సెం.మీ. ముందుంటే అక్కడ 36 గ్రాములు కావాలి, మూడింతలు. తోక దగ్గర పొదుపుగా టేపు వేయమనేది ఇందుకే. లెక్క వేశాక కూడా సీజీ దగ్గర రెక్క కింద రెండు వేళ్లు పెట్టి లేపి చూడండి, ముక్కు కొద్దిగా కిందికి వాలాలి.

వెదురుపుల్ల

పెట్టెలో ఏముండాలని అడిగారు కదా: ఫెవిక్విక్ చిన్న ట్యూబులు నాలుగు (ఒకసారి తెరిస్తే మిగిలింది ఎండిపోతుంది), 5 నిమిషాల ఎపాక్సీ, ఫైబర్ టేపు, బ్రౌన్ టేపు, బార్బెక్యూ పుల్లలు పది, కుట్టు దారం, కొత్త బ్లేడున్న కట్టర్, ముక్కు పట్టకారు, కేబుల్ టైలు, పాత కార్డు, జెమ్ క్లిప్పులు, స్పిరిట్ స్వాబ్‌లు, ప్రాప్‌లు రెండు, సర్వో ఒకటి, సెల్ చెకర్, ఫ్లాస్కు. ఒక పొట్లంలో వంటసోడా కూడా. పెద్ద గుంట నింపాలంటే సోడా చల్లి ఫెవిక్విక్ చుక్క వేస్తే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది. పొగ వస్తుంది, ముఖం దూరంగా పెట్టండి. వంగాల్సిన చోట, హింజ్ దగ్గర వాడొద్దు, పెళుసుగా విరుగుతుంది.

ఎండాకాలం గాలి పొడిగా ఉన్నప్పుడు ఫెవిక్విక్ ఆలస్యంగా పడుతుంది, దానికి తేమ కావాలి. అతుకు మీద నోటితో రెండుసార్లు ఆవిరి ఊదితే చాలు. కారిన జిగురుని నూలు గుడ్డతో మాత్రం తుడవొద్దు. నూలు తగిలితే చర్య వేగంగా జరిగి చెయ్యి కాలేంత వేడి పుడుతుంది. ప్యాంటు మీద ఒలికినా అంతే, వెంటనే నీళ్లు పోయండి.

ఎగరేసే ముందు ప్రాప్ తీసేసి మోటారు తిప్పి చూడండి, షాఫ్ట్ వంగి ఉంటే కొస గుండ్రంగా ఊగుతున్నట్టు కనపడుతుంది, వణుకు చేతికి తెలుస్తుంది. ట్రాన్స్‌మిటర్‌లో రేంజ్ చెక్ ఉంటే చేయండి. రెక్క రెండు కొసల కింద వేళ్లు పెట్టి, విమానం మొత్తాన్ని బ్యాటరీతో సహా మెల్లగా లేపండి. అతుకు దగ్గర కరకర శబ్దం వచ్చినా, పైన ముడత కనపడినా ఇంకో పుల్ల వేయాలి. ఎగిరాక 45 డిగ్రీల వాలులో రెక్క మీద బరువు 1.4 రెట్లు, 60 డిగ్రీల్లో రెండింతలు. కాబట్టి 45 దాటొద్దు, లూపులు, డైవ్‌లు వద్దు. మూడు నిమిషాలకే దించి, కింది టేపు కొసలు లేచాయేమో వేలితో రుద్ది చూడండి. కొస లేస్తే దాని మీదే కొత్త టేపు వేయకుండా, పాతది పీకి, తుడిచి, మళ్లీ వేయండి.