సినిమా పాటను టచ్ తెర మీద గళ్లలో పెట్టి బడిలో నేర్పడం సరైనదేనా?

అనంతపురం ఉపాధ్యాయుడు:
మా ఉన్నత పాఠశాలలో సంగీతం ఉపాధ్యాయులు లేరు గాని, తరగతి గోడకు పెద్ద టచ్ తెర ఉంది. గూగుల్ సంస్థ 2016లో ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లో సాంగ్ మేకర్ అనే, గళ్లు నొక్కి పాట కట్టే పనిముట్టు ఉంది. దాన్ని ఆ తెర మీద తెరిచి, పిల్లలకు నోటికి వచ్చిన సినిమా పాట పల్లవిని గళ్లలో అమర్పించి, స్వరాల ఎత్తుపల్లాలు చూపిస్తున్నాను. తోటి ఉపాధ్యాయులు కొందరు ఇది ఆటే గాని పాఠం కాదంటున్నారు. మీ అభిప్రాయం తెలుపగలరు.

కడప సంగీతాభిమాని:
మాది తాళ్లపాకకు దగ్గరి ఊరు గనుక అన్నమయ్య పేరు చెప్పి సినిమా పాటను తోసేస్తానని అనుకోకండి. నా అభ్యంతరం పాట మీద కాదు, గళ్ల మీద. పెంటాటానిక్ అనే ఐదు స్వరాల అమరికలో నొక్కితే మోహన రాగపు స్వరాలు ఐదూ వస్తాయి, నిజమే. అయితే ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే జారు గాని, గాంధారాన్ని ఊపే గమకం గాని ఆ గళ్లలో పట్టవు. మెట్లు దూకడమే పాట అని చెవికి అలవాటైతే, తర్వాత సరిదిద్దడం కష్టం.

అనంతపురం ఉపాధ్యాయుడు:
అమ్మా, మీరన్న లోటును మా తరగతిలో మొదట పట్టుకున్నది ఒక పిల్లవాడే. వాళ్ల ఇంట్లో ఉరుములు అనే జానపద చర్మవాద్యం వాయిస్తారు. తెర మీది తాళం విని, "సార్, ఇది అన్ని దెబ్బలూ ఒకే మాదిరి కొడుతుంది, మా నాయన కొట్టేది ఇట్ల కాదు" అంటూ బల్ల మీద వేళ్లతో వాయించి చూపాడు. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, రెండూ ఒకదాని వెంట ఒకటి వినిపించాను. యంత్రపు తాళం పక్కన లేకపోతే ఆ తేడా మిగతావాళ్ల చెవికి అంది ఉండేది కాదు.

కర్నూలు ఉపాధ్యాయిని:
నలభై మందికి ఒకటే తెర అయినప్పుడు ఇద్దరు నొక్కితే మిగిలినవారు చూస్తూ కూర్చుంటారు. నా దృష్టిలో అసలు చిక్కు అదే. నేను ఐదుగురేసి జట్లు చేసి, యూట్యూబ్‌లో పాట వేగాన్ని 0.75కు తగ్గించి వినిపిస్తాను. అప్పుడు శ్రుతి మారదు, చరణంలోని సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు, విడివిడిగా తెలుస్తాయి. అన్నట్టు, బ్లూటూత్ స్పీకర్ వాడకండి, తెర మీద నొక్కిన తర్వాత శబ్దం ఆలస్యంగా వచ్చి తాళం తప్పుతుంది.

కడప సంగీతాభిమాని:
ఆ పిల్లవాడి సంగతి విన్నాక కొంత మెత్తబడ్డాను. మోహన వరకు గళ్లు వాడుకోండి. గమకాలే ప్రాణమైన తోడి రాగపు పాట వచ్చిన రోజున మాత్రం తెర ఆపి, పాడగలిగిన మనిషినెవరినైనా తరగతికి పిలవండి.