ఈమ్యాక్స్ ఎడిటర్‌ని సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేస్తే తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి (మీ బిల్డ్ తంటాలూ ఇక్కడే పెట్టండి)

మడివాళ_మేక్
అందరికీ నమస్కారం. ఆఫీసు ల్యాప్‌టాప్, ఉబుంటు 22.04. యాప్ట్‌లో (ఉబుంటు ప్యాకేజీల కమాండ్) వచ్చే ఈమ్యాక్స్ 27.1 మరీ పాతదైపోయిందని 30.1 టార్‌బాల్ (సోర్స్ కోడ్ మూట) దించుకుని బిల్డ్‌కి కూర్చున్నా. రెండు చోట్ల ఇరుక్కున్నా.

ఒకటి: --విత్-నేటివ్-కంపైలేషన్ (ఈమ్యాక్స్ లోపలి లిస్ప్ కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చే ఆప్షన్) ఇస్తే, దానికి కావాల్సిన లిబ్‌జీసీసీజిట్ లైబ్రరీ దొరకలేదంటూ కాన్ఫిగర్ (బిల్డ్‌కి ముందు సిస్టంని పరీక్షించే స్క్రిప్టు) ఆగిపోతోంది. లిబ్‌జీసీసీజిట్-11-డెవ్ ప్యాకేజీ ఉంది, డీపీకేజీ లిస్టులో కనిపిస్తోంది కూడా.

రెండు: ఆ ఆప్షన్ తీసేసి బిల్డ్ చేస్తే ఎడిటర్ లేచింది గానీ తెలుగు చెడింది. "స్త్రీ" అని కొడితే "స్‌త్‌రీ" అని పొల్లులతో విడివిడిగా వస్తోంది. అదే ఫాంటు, అదే ఫైలు 27.1లో తెరిస్తే బ్రహ్మాండంగా ఉంది. నా ఇంటి లెక్కలు, అమ్మ మందుల జాబితా అన్నీ ఆర్గ్ ఫైళ్ళలో (ఈమ్యాక్స్ నోట్సు ఫైళ్ళు) తెలుగులోనే ఉంటాయి, కాబట్టి ఇది సరిపెట్టుకునే విషయం కాదు.

పాత_విమ్‌వాడు
టెర్మినల్లో కనబడే ఆఖరి లైను చూసి ఎవరూ ఏమీ చెప్పలేరండీ. ఆ ఫోల్డర్లోనే కాన్ఫిగ్.లాగ్ అని ఒక ఫైలు ఉంటుంది. అందులో "లిబ్‌జీసీసీజిట్" అని వెతికి, దానికి సంబంధించిన మొట్టమొదటి ఎర్రర్ ఇక్కడ పెట్టండి. జీసీసీ --వెర్షన్ (సీ కంపైలర్ ఏ వెర్షనో చెప్పే కమాండ్) ఏం చెబుతోందో అది కూడా.

ఓఆర్ఆర్_సిగ్నల్
ఇంత కష్టం ఎందుకు బ్రో, స్నాప్‌లో రెడీమేడ్ ప్యాకేజీగా కొత్తది ఉంది కదా. ఒక్క కమాండ్.

మడివాళ_మేక్
@ఓఆర్ఆర్_సిగ్నల్ ఆఫీసు మెషీన్‌లో స్నాప్ ఆపేశారు బ్రో. ఐటీ వాళ్ళకి టికెట్ పెడితే ఎప్పటికి తెములుతుందో నీకు తెలియనిదా.

@పాత_విమ్‌వాడు గారూ, లాగ్‌లో ఇలా ఉంది: "ఫేటల్ ఎర్రర్: లిబ్‌జీసీసీజిట్.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". జీసీసీ 13. మా టీం సీ++ కోడ్‌కి 13 కావాలి, అందుకని అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో దాన్నే డిఫాల్ట్ చేసి ఇచ్చారు.

పాత_విమ్‌వాడు
అయితే చిక్కు అక్కడే ఉంది. డెబియన్, ఉబుంటుల్లో ఈ హెడర్ ఫైలు (లిబ్‌జీసీసీజిట్.హెచ్) మామూలుగా యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్‌లో ఉండదు. ఏ వెర్షన్ జీసీసీదో ఆ వెర్షన్ సొంత ఫోల్డర్లో, అంటే యూఎస్ఆర్/లిబ్/జీసీసీ/.../11/ఇన్‌క్లూడ్‌లో పడుతుంది. లింక్ చేసే డాట్-ఎస్‌ఓ (లైబ్రరీ ఫైలు) కూడా ఆ 11 కిందే. జీసీసీ-11 తన ఇంట్లో చూసుకుంటుంది, దొరుకుతుంది. జీసీసీ-13 తన 13 ఫోల్డర్లో వెతికి లేదంటుంది. డీపీకేజీ చెప్పిందీ నిజమే, కాన్ఫిగర్ చెప్పిందీ నిజమే.

ఆఫీసు సెట్టింగ్ కదపక్కర్లేదు. ఈ ఒక్క బిల్డ్‌కి కంపైలర్ మార్చండి:

సీసీ=జీసీసీ-11 ./కాన్ఫిగర్ --విత్-నేటివ్-కంపైలేషన్

ముందు మేక్ డిస్ట్‌క్లీన్ కొట్టండి, పాత బిల్డ్ ఆనవాళ్ళు తుడిచేస్తుంది. ఒక కంపైలర్‌తో సగం, ఇంకో కంపైలర్‌తో సగం అయిన ఫోల్డర్‌ని నమ్మలేం.

ఈమ్యాక్స్ 30లో నేటివ్ కంపైలేషన్ మనం అడక్కపోయినా డిఫాల్ట్‌గా ఉంటుంది, కానీ లిబ్‌జీసీసీజిట్ దొరికితేనే. అడగకుండా వదిలేస్తే చప్పుడు చేయకుండా లేకుండానే కట్టేస్తుంది. మీరు ఆప్షన్ ఇచ్చి అడిగారు కాబట్టే ఆగి చెప్పింది.

కామారెడ్డి_కర్సర్
రెండోదానికి నేను చెప్త అన్నా. నాకు గూడ గిదే అయింది, బీటీఎం పీజీల ఉన్నప్పుడు.

కాన్ఫిగర్ అయిపోయినంక కింద పెద్ద లిస్టు వస్తది, "డజ్ ఈమ్యాక్స్ యూజ్..." అని. ఎవ్వరు చదవరు దాన్ని. అండ్ల "డజ్ ఈమ్యాక్స్ యూజ్ హార్ఫ్‌బజ్?" అని ఒక లైన్ ఉంటది. నీది "నో" అని ఉంటది, రాసిస్త. ఒత్తులను, గుణింతాలను ఫాంట్ల ఉన్న రూల్స్ చూసి ఒక్కటి జేసేది హార్ఫ్‌బజ్. 27.1 నుంచి ఈమ్యాక్స్ దాన్నే వాడుతది. యాప్ట్‌ల వచ్చే 27.1ని హార్ఫ్‌బజ్ తోటి కట్టిన్రు, గందుకే అండ్ల మంచిగ కనబడ్డది.

మర్మం ఏందంటే, గ్నూటీఎల్‌ఎస్ (నెట్ భద్రత లైబ్రరీ) హెడర్లు లేకపోతే కాన్ఫిగర్ ఎర్రర్ ఇచ్చి ఆగుతది. జేపెగ్, జిఫ్ లైబ్రరీలు లేకున్నా అంతే. హార్ఫ్‌బజ్ లేకపోతే ఏం అనది, "నో" అని రాస్కొని ముందుకు పోతది. ఇంగ్లీష్ రాసేటోనికి ఫరక్ పడది. మనకే పడుతది.

లిబ్‌హార్ఫ్‌బజ్-డెవ్ ఏసి మళ్ళ కాన్ఫిగర్ చెయ్యి. బిల్డ్ అయినంక ఒత్తు మీద కర్సర్ పెట్టి కంట్రోల్-యు, కంట్రోల్-ఎక్స్, ఈక్వల్ కొట్టు. ఫాంట్ పేరు ముంగట "ఎఫ్‌టీసీఆర్‌హెచ్‌బీ" అని వస్తే పని అయినట్టు. ఆ చివరి హెచ్‌బీనే హార్ఫ్‌బజ్. ఉత్త "ఎఫ్‌టీసీఆర్" అని ఉంటే కాలే.

డిపెండెన్సీలు ఒక్కొక్కటి ఏరుకునుడు ఎందుకంటే యాప్ట్ బిల్డ్-డెప్ ఈమ్యాక్స్ కొట్టొచ్చు. "డెబ్-ఎస్‌ఆర్‌సీ పెట్టు" అని తిడితే సోర్సెస్.లిస్ట్‌ల ఆ లైన్ల ముంగట హ్యాష్ తియ్యాలె. 24.04ల ఆ ఫైల్ మారింది, ఉబుంటు.సోర్సెస్‌ల "టైప్స్: డెబ్ డెబ్-ఎస్‌ఆర్‌సీ" అని రాయాలె. కానీ 22.04ల అది 27.1కి కావల్సినయే తెస్తది. లిబ్‌జీసీసీజిట్, ట్రీ-సిట్టర్ (కోడ్ నిర్మాణం చదివే లైబ్రరీ) నువ్వే ఏస్కోవాలె.

అనంతపురం_వాసి
మంచి చర్చే పెట్టినారప్పా. నాది ఇంకో రకం. సొంతంగా సీ భాషలో చిన్న ఎడిటర్ ఒకటి రాసుకుంటా ఉండా, కర్సెస్ (స్క్రీన్ గీసే లైబ్రరీ) లేకుండా టెర్మియోస్ (టెర్మినల్ సెట్టింగుల ఇంటర్‌ఫేస్) మీదనే. ఎస్పీ రోడ్‌లో కొన్న రాస్‌బెర్రీ పైలో తెలుగు ఫైలు బాగా తెరుచుకుంటాది. అదే కోడ్ నా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేస్తే మొదటి తెలుగు అక్షరం దగ్గరే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (మెమరీ తప్పుతో ప్రోగ్రాం ఆగిపోవడం). రాస్‌బెర్రీ పై ఆర్మ్ చిప్ ఉండే చిన్న బోర్డు కదా, పోతే అది పోవాల అనుకుంటాం, ఈడ తిరగబడినాది.

ల్యాప్‌టాప్‌లో -ఎఫ్‌శానిటైజ్=అడ్రస్ (మెమరీ తప్పులు పట్టే ఆప్షన్) పెట్టి మళ్ళా బిల్డ్ చేస్తే లైను నంబరుతో సహా పట్టిచ్చినాది. రంగులేసే దానికి 256 గళ్ళ టేబుల్ ఒకటి పెట్టుకోని ఉండా, టేబుల్[సీ] అని. ఆ సీ క్యార్ టైపు. ఎక్స్86 (ఇంటెల్) లినక్స్‌లో క్యార్ సైన్డ్ (మైనస్ అంకెలూ ఉంటాయి), ఆర్మ్ లినక్స్‌లో అన్‌సైన్డ్ (సున్నా నుంచే). తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మొదటి బైటు ఎప్పుడూ 0ఎక్స్ఈ0. ఆర్మ్‌లో అది 224, టేబుల్ లోపలే ఉండాది. ఇంటెల్‌లో అదే మైనస్ 32 అయి టేబుల్ ముందుకి పోయి ఎవరి మెమరీనో తవ్వుతాది. ఇంగ్లీష్ 127 దాటదు కాబట్టి అన్నాళ్ళూ బయటపడలా.

అన్‌సైన్డ్ క్యార్‌కి క్యాస్ట్ చేస్తే తీరిపాయ. ఇజ్‌ప్రింట్, ఇజ్‌ఆల్ఫా (అక్షరం రకం చెప్పే ఫంక్షన్లు) పిలిచే చోట కూడా అదే చేయాల. బోర్డు లేనోళ్ళు అదే మెషీన్‌లో -ఎఫ్‌సైన్డ్-క్యార్‌తో ఒకసారి, -ఎఫ్‌అన్‌సైన్డ్-క్యార్‌తో ఒకసారి బిల్డ్ చేసి చూసుకోవచ్చు. ఒక మాట, ఆపిల్ ఎం సిరీస్ కూడా ఆర్మే, కానీ ఆడ క్యార్ సైన్డే. ఆర్మ్ అంటే అన్నీ ఒకటే అనుకోవద్దండి.

సెమీకోలన్_సీతాఫలం
@అనంతపురం_వాసి అన్నా, అది దాటాక కర్సర్ గొడవ మొదలవుతుంది, కాచుకోండి! "తెలుగు" అన్న మాట 18 బైట్లు, 6 కోడ్‌పాయింట్లు (యూనికోడ్ సంఖ్యలు), కంటికి 3 అక్షరాలు. గ్లిబ్‌సీ (లినక్స్ సీ లైబ్రరీ) డబ్ల్యూసీవిడ్త్‌ని (అక్షరానికి టెర్మినల్లో ఎన్ని గళ్ళో చెప్పే ఫంక్షన్) అడిగితే 5 గళ్ళు అంటుంది! ఎందుకంటే యూనికోడ్‌లో మన ఎత్వం, గుడి, దీర్ఘం లాంటివి చోటు తీసుకోని గుర్తులు, కొమ్ము మాత్రం చోటు తీసుకునే గుర్తు. కాబట్టి "కా" ఒక గడి, "కు" రెండు గళ్ళు. టెర్మినల్ ఇంకో లెక్క వేసుకుంటే కర్సర్ ఒక చోట, టైపు అయ్యేది ఇంకో చోట. దీనికి నా దగ్గర పూర్తి మందు లేదు. టెర్మినల్ మారిస్తే ప్రవర్తన మారుతుంది.

మెయిన్‌లో సెట్‌లొకేల్(ఎల్‌సీ_ఆల్, "") పిలవకపోతే డబ్ల్యూసీవిడ్త్ తెలుగుకి మైనస్ 1 ఇస్తుంది, అది ముందు చూసుకోండి. న్యానో ఎడిటర్ బిల్డ్ చేసేవాళ్ళకి కూడా: ఎన్‌కర్సెస్ కాదు, ఎన్‌కర్సెస్‌డబ్ల్యూ (కర్సెస్‌లో యూనికోడ్ అక్షరాలు తెలిసిన రకం) హెడర్లు ఉండాలి. లేకపోతే యూటీఎఫ్-8 లేకుండా బిల్డ్ అయి తెలుగంతా చెత్తగా కనిపిస్తుంది.

వైట్‌ఫీల్డ్_పప్పన్నం
నాకు ఫెడోరా 40కి మారినప్పటి నుంచి పాత ఎడిటర్లేవీ కంపైల్ అవట్లేదు. నిన్నటిదాకా వార్నింగ్ ఇచ్చి ఊరుకున్న "ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్ గెట్‌లైన్" ఇప్పుడు ఎర్రర్. కోడ్‌లో చుక్క కూడా మార్చలేదు.

పాత_విమ్‌వాడు
ఫెడోరా 40తో వచ్చేది జీసీసీ 14. అందులో ఇంప్లిసిట్ డిక్లరేషన్ (ముందు ప్రకటించని ఫంక్షన్‌ని పిలవడం) డిఫాల్ట్‌గానే ఎర్రర్. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ 16వ వెర్షన్ కూడా అంతే. మీ మేక్‌ఫైల్‌లో -ఎస్‌టీడీ=సీ99 ఉండి ఉంటుంది. ఆ ఫ్లాగ్ పెడితే గ్లిబ్‌సీ హెడర్లు శుద్ధ సీ మాత్రమే చూపించి, గెట్‌లైన్ లాంటి పాజిక్స్ (యూనిక్స్ ప్రమాణం) ఫంక్షన్లని దాచేస్తాయి. -ఎస్‌టీడీ=గ్నూ99 అని మార్చండి, లేదా మొదటి ఇన్‌క్లూడ్ కంటే ముందు _గ్నూ_సోర్స్ డిఫైన్ చేయండి. -డబ్ల్యూనో-ఎర్రర్ పెట్టి నోరు మూయించడం మాత్రం వద్దు. గెట్‌లైన్ తిరిగి ఇచ్చేది ఎస్‌సైజ్_టీ, డిక్లరేషన్ లేకపోతే కంపైలర్ దాన్ని ఇంట్ అనుకుంటుంది.

"మల్టిపుల్ డెఫినిషన్" అని లింకర్ ఏడిస్తే అది జీసీసీ 10 నాటి మార్పు. హెడర్లో గ్లోబల్ వేరియబుల్ పెట్టి ఎక్స్‌టర్న్ రాయని పాత కోడ్ అది. తాత్కాలికంగా -ఎఫ్‌కామన్ చాలు. జీసీసీ 15కి వెళ్తే డిఫాల్ట్ సీ23 అయింది, సొంతంగా "బూల్" టైప్‌డెఫ్ చేసుకున్న ఎడిటర్లన్నీ అక్కడ పడతాయి.

వీటన్నిటికంటే నాకు భయం కాన్ఫిగర్ స్క్రిప్టులంటే. పాత స్క్రిప్టు లోపల రాసే చిన్న టెస్టు ప్రోగ్రాములు కూడా ఇదే పాత సీలో ఉంటాయి. కొత్త కంపైలర్‌లో అవి ఫెయిల్ అవుతాయి. స్క్రిప్టు దాన్ని "ఈ సిస్టంలో ఈ ఫీచర్ లేదు" అని అర్థం చేసుకుంటుంది. బిల్డ్ పచ్చగా అయిపోతుంది, ఫీచర్ మాయం. ఇక్కడా కాన్ఫిగ్.లాగే దిక్కు.

ఓఆర్ఆర్_సిగ్నల్
విమ్ ఎడిటర్ గురించి ఎవరూ అనలేదేంటి? సోర్స్ నుంచి కట్టాక సిస్టం క్లిప్‌బోర్డ్ పనిచేయట్లేదని మా టీంలో ప్రతి కొత్త కుర్రాడూ అడుగుతాడు. లిబ్‌ఎక్స్11-డెవ్ వేస్తారు, లిబ్‌ఎక్స్‌టీ-డెవ్ మర్చిపోతారు. తర్వాత అదీ వేసి మళ్ళీ కాన్ఫిగర్ చేసినా "మైనస్ క్లిప్‌బోర్డ్" అనే వస్తుంది. ఎందుకంటే పాత జవాబు ఎస్‌ఆర్‌సీ/ఆటో/కాన్ఫిగ్.క్యాష్‌లో దాచిపెట్టి ఉంటుంది. మేక్ డిస్ట్‌క్లీన్ కొడితే అది పోతుంది.

పాత_విమ్‌వాడు
విమ్‌లో ఇంకోటి. కంపెనీ సెక్యూరిటీ ఫ్లాగులని -డి_ఫోర్టిఫై_సోర్స్=2 (బఫర్ దాటే రాతలను పట్టే రక్షణ) తెచ్చి మేక్ లైన్ మీదే సీఫ్లాగ్స్ ఇచ్చేస్తారు. విమ్ కాన్ఫిగర్ కావాలనే దాన్ని 1కి దింపుతుంది. లోపల స్ట్రక్చర్ చివర ఒక గడి అరే పెట్టి, దాని వెనక అసలు స్ట్రింగ్ అంతా దాచే పాత పద్ధతి ఉంది. లెవెల్ 2 దాన్ని చూసి "బఫర్ ఓవర్‌ఫ్లో డిటెక్టెడ్" అని ఎడిటర్‌ని చంపేస్తుంది. మేక్ లైన్‌లో ఇచ్చింది కాన్ఫిగర్ పెట్టిన దాన్ని తొక్కేస్తుంది కాబట్టి ఆ జాగ్రత్త కాస్తా పోతుంది.

సెమీకోలన్_సీతాఫలం
మ్యాక్ వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఓఎస్ అప్‌డేట్ తర్వాత "ఇన్‌వాలిడ్ యాక్టివ్ డెవలపర్ పాత్" వస్తే ఎక్స్‌కోడ్-సెలెక్ట్ --ఇన్‌స్టాల్, అంతే. ఎం సిరీస్‌లో హోమ్‌బ్రూ (మ్యాక్ ప్యాకేజీ మేనేజర్) ఓపీటీ/హోమ్‌బ్రూ కిందకి మారింది, పాత బ్లాగుల్లో ఉన్న యూఎస్ఆర్/లోకల్ దారులు పనిచేయవు. టెర్మినల్ రోజెట్టాలో (ఎం సిరీస్‌లో ఇంటెల్ ప్రోగ్రాములు నడిపేది) నడుస్తుంటే యూనేమ్ -ఎం ఎక్స్86_64 అంటుంది, అప్పుడు లింకర్ రెండు ఆర్కిటెక్చర్లు కలిశాయని గోల చేస్తుంది.

వైట్‌ఫీల్డ్_పప్పన్నం
డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపల నడిచే లినక్స్) కాన్ఫిగర్ నడిపితే "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని, ఎస్‌హెచ్ పక్కన క్యారెట్-ఎం కనిపిస్తే ఏంటండీ?

ఓఆర్ఆర్_సిగ్నల్
విండోస్ గిట్‌తో క్లోన్ చేసి ఉంటావు. దాని ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్టింగ్ లైన్ల చివర విండోస్ మార్కు పెట్టేసింది. డబ్ల్యూఎస్ఎల్ లోపలి గిట్‌తో, హోమ్ డైరెక్టరీలో మళ్ళీ క్లోన్ చెయ్. ఎంఎన్‌టీ/సీ కింద వద్దు, చాలా స్లో. మధ్యలో "కిల్డ్" అని పడితే మేక్ -జే2 (ఒకేసారి రెండు పనులే) పెట్టు, డబ్ల్యూఎస్ఎల్2 డిఫాల్ట్‌గా మెషీన్ ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది.

మడివాళ_మేక్
జీసీసీ-11తో కాన్ఫిగర్ దాటింది, హార్ఫ్‌బజ్ "యెస్" అంది. "స్త్రీ" ఒక్కటై కూర్చుంది, ఫాంట్ ముందు ఎఫ్‌టీసీఆర్‌హెచ్‌బీ అని వచ్చింది. కర్సర్ అన్నకి, విమ్‌వాడు గారికి చాలా థాంక్స్.

ఇంకొక్క డౌటు. పక్క సీటు ఆయనకి కూడా కావాలంటే ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్లోంచి ఈమ్యాక్స్ బైనరీ, డాట్-పీడంప్ ఫైలు కాపీ చేసి ఇచ్చా. నేను మధ్యాహ్నం ఒక ప్యాచ్ వేసి మళ్ళీ బిల్డ్ చేశా, కొత్త బైనరీ మాత్రమే పంపా. ఆయన దగ్గర "నాట్ బిల్ట్ ఫర్ దిస్ ఈమ్యాక్స్ ఎగ్జిక్యూటబుల్" అంటోంది.

కామారెడ్డి_కర్సర్
పీడంప్ అంటే ముందే లోడ్ చేసిపెట్టిన లిస్ప్ అంత అండ్ల ఉంటది అన్నా. బైనరీల ఒక వేలిముద్ర ఉంటది, పీడంప్‌ల గూడ అదే ఉండాలె. బైనరీ మారితే ముద్ర మారుతది, పాత పీడంప్‌ను దగ్గరికి రానియ్యది. రెండు ఒక్క బిల్డ్‌వే పంపు. అసలైతే --ప్రిఫిక్స్=/ఓపీటీ/ఈమ్యాక్స్30 పెట్టి మేక్ ఇన్‌స్టాల్ చేసి, ఆ ఫోల్డర్ మొత్తం టార్ కొట్టి ఇయ్యి. ఆయన గూడ గదే దారిల పెట్టుకోవాలె. లిబ్‌జీసీసీజిట్, హార్ఫ్‌బజ్ రన్‌టైమ్ ప్యాకేజీలు ఆయన మెషీన్‌ల ఉన్నయో లేవో ఎల్‌డీడీ కొట్టి చూడమను.