డీపీ ట్రాన్స్‌మిటర్ డ్యాంపింగ్ ఎంత పెట్టాలి? రీడింగ్ గంతులేస్తోంది

జీడిమెట్ల కుర్రాడు: మా నీళ్ళ ట్యాంకు లెవెల్ చూపే డీపీ ట్రాన్స్‌మిటర్ (రెండు వైపుల ప్రెషర్ తేడా కొలిచేది) ఒక్క చోట నిలవడం లేదు. 62 శాతం చూపిస్తుంది, రెప్ప వేసేలోగా 66. హార్ట్ కమ్యూనికేటర్ (సెట్టింగులు మార్చే చేతి పరికరం) తగిలించి డ్యాంపింగ్, అంటే రీడింగ్‌ను నెమ్మది చేసి గంతులు తగ్గించే సెట్టింగ్, 30 సెకన్లు చేశాను. ట్రెండ్ స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది, షిఫ్ట్ ఇన్‌చార్జి భుజం తట్టారు కూడా. మర్నాడు 90 దగ్గర హై అలారం మోగేసరికి ట్యాంకు పొంగుతోంది. ఒకటే టెన్షన్. డ్యాంపింగ్ వల్లేనా?

లూప్ మామ: డీసీఎస్‌లో (కంట్రోల్ రూం కంప్యూటర్‌లో) కూడా అలాంటి ఫిల్టర్ ఉందేమో చూశావా తమ్ముడూ? నింపే స్పీడెంత?

జీడిమెట్ల కుర్రాడు: ఉందన్నా, 10 సెకన్లు. ఎవరు పెట్టారో తెలీదు. నిమిషానికి 15 శాతం నిండుతుంది.

లూప్ మామ: ఇంకేం మరి. ఒకే వేగంతో నిండుతుంటే రీడింగ్ దాదాపు డ్యాంపింగ్ టైమంత వెనకబడి నడుస్తుంది. ఫిల్టర్ దానికి తోడు. మొత్తం 40 సెకన్లు, సెకనుకు పావు శాతం, అంటే 10 శాతం వెనక. తెర మీద 90 అంటే ట్యాంకులో 100. 30 పెడితే 30 సెకన్లలో అసలు విలువ వచ్చేస్తుందని అమీర్‌పేట కోర్సులో నేనూ రాసుకున్నా. కానీ లెవెల్ ఒక్కసారిగా మారితే అప్పటికి వచ్చేది 63 శాతమే. పూర్తిగా రావాలంటే దాదాపు ఐదింతల టైము.

మల్టీమీటర్ అక్క: నమ్మకం కుదరకపోతే ట్రాన్స్‌మిటర్ 4-20 మిల్లీయాంప్స్ లూప్‌లో మీటర్ పెట్టండి. రేంజ్ సున్నాతో మొదలయ్యేదైతే హ్యాండ్ పంపుతో 20 మిల్లీయాంప్స్‌కు తెచ్చి ప్రెషర్ టక్కున వదలండి. 9.9కి (20 నుంచి 4 దాకా పడాల్సిన దాంట్లో 63 శాతం) దిగడానికి పట్టిన టైమే మీ డ్యాంపింగ్.

అదలా ఉంచితే, అసలు గంతులు ఎక్కడివో చూశారా? ఆటో కంట్రోల్ ఆపి లూప్ మాన్యువల్‌లో పెట్టి, మానిఫోల్డ్‌లో (ట్రాన్స్‌మిటర్ ముందున్న వాల్వుల దిమ్మలో) ఐసొలేషన్ మూసి, రెండు వైపులా ప్రెషర్ సమం చేసే ఈక్వలైజ్ తెరవండి. అప్పటికీ ఊగితే గోల కరెంటుది. మా దగ్గర వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే డ్రైవ్) పవర్ కేబుల్‌ను ఆనించి సిగ్నల్ కేబుల్ లాగేశారు మహానుభావులు. ఆగిపోతే ట్యూబింగ్‌లోనో ట్యాంకులోనో వెతకాలి.

రాణిగంజ్ రెగ్యులర్: డోసింగ్ పంపు ప్రెషరైతే, కొట్టుకోవడం తగ్గించే స్నబ్బర్ వేస్తాం. చిక్కటి సరుకైతే వద్దు, మూసుకుపోతుంది.

జీడిమెట్ల కుర్రాడు: మానిఫోల్డ్ మూయగానే రాయిలా నిలబడింది అక్కా! హెచ్‌పీ (హై ప్రెషర్) వైపు వెంట్ స్క్రూ పావు చుట్టు వదులు చేస్తే బుసబుసమని బుడగలు. ట్యూబు మధ్యలో ఒంటె మూపురంలా లేచి ఉంది, గాలి అక్కడే చిక్కింది. వంపు సరిచేశాం. ఇప్పుడు డ్యాంపింగ్ 2, డీసీఎస్ ఫిల్టర్ తీయించేశా. అర శాతం ఊగుతోంది, ఊగనీ.

లూప్ మామ: సెట్టింగులు ఎవరూ మార్చకుండా రైట్ ప్రొటెక్ట్ స్విచ్ వేసెయ్. నైట్ షిఫ్ట్‌లో భుజం తట్టించుకోవాలని ఇంకొకడు చూస్తుంటాడు.