వెంటిలేటర్ మీద ఉన్న నాన్న నోటి శుభ్రత: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు వాళ్ళు చెప్పండి

గంజాం_అమ్మాయి:
పక్షవాతం వచ్చి నాన్న ఒడిశా బరంపురంలో ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉన్నారు. వెంటిలేటర్ పెట్టి ఈరోజుకి నాలుగు రోజులు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు లోపలికి పంపిస్తున్నారు. ఇవాళ వంగి చెవిలో పిలిస్తే నోటి నుంచి వాసన వచ్చింది. పెదవులు ఎండి పగిలాయి. ట్యూబుకి వేసిన టేపు కింద ఎడమ మూల పుండులా ఎర్రగా ఉంది. రోజూ లేవగానే వేపపుల్ల నమిలి, నోరు కడిగాకే టీ ముట్టుకునే మనిషి ఆయన. ఆ నోరు అలా చూసి తట్టుకోలేకపోయాను. ఇంత పెద్ద జబ్బులో ఉంటే నోటి గురించి అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది. అడగొచ్చా?

రాయగడ_వదిన:
అడగమ్మా, మొహమాటపడకు. మా అత్తగారు పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఇది చిన్న విషయం అనుకుని మేము అడగలేదు, ఇప్పటికీ బాధగానే ఉంది.

ఐసీయూ_సిస్టర్:
తొమ్మిదేళ్ళుగా ఐసీయూ డ్యూటీ చేస్తున్నాను, మాది ఛత్రపురం. తప్పకుండా అడగండి, ఇది వైద్యంలో భాగమే. నోట్లో ట్యూబు ఉన్న మనిషి మింగలేడు, నోరు మూయలేడు. లాలాజలం ఎండిపోతుంది, పళ్ళ మీద పాచి పేరుకుంటుంది, దాంట్లో క్రిములు పెరుగుతాయి. గొంతులో ట్యూబు చుట్టూ గాలి నింపిన చిన్న బెలూన్ ఉంటుంది. నోట్లో నీరు దాని పైన నిలిచి, అంచుల్లోంచి కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. వెంటిలేటర్ పెట్టి 48 గంటలు దాటాక వచ్చే నిమోనియాకి ఇదొక ముఖ్య కారణం.

మేం చేసే పద్ధతి ఇది. మంచం తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తుగా ఉంచుతాం. ముందు బెలూన్‌లో ప్రెషర్ చూస్తాం. ట్యూబు ఎంత లోపలికి ఉందో తెలియడానికి, పెదవి దగ్గర ట్యూబు మీద ఏ నంబరు ఉందో చూసుకుంటాం. ఒకరు ట్యూబు కదలకుండా పట్టుకుంటే, ఇంకొకరు చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌తో పళ్ళు, చిగుళ్ళు, నాలుక, బుగ్గల లోపల మెల్లగా తోముతారు. పక్కనే సక్షన్ నడుస్తూ నీటిని లాగేస్తుంటుంది. అయిపోయాక ఆ నంబరు మళ్ళీ చూస్తాం. ఇలా రోజుకి రెండుసార్లు. మధ్యలో నోరు తడిపి, పెదవులకి జెల్ రాస్తాం. ఒకే మూల ఒరుసుకోకుండా ట్యూబుని అటూ ఇటూ మార్చి కడతాం. మీ నాన్నగారికి ఆ మూల పుండు ఉందంటే ఇది వెంటనే చెప్పాల్సిన విషయం.

గుడాఖు (పళ్ళకి రుద్దుకునే పొగాకు ముద్ద), జర్దా (నమిలే పొగాకు) అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి. మన వైపు చాలామందికి చిగుళ్ళు ముందే పాడై ఉంటాయి. రక్తం పల్చబడే మందులు కూడా వాడుతుంటే తేలిగ్గా రక్తం కారుతుంది, అప్పుడు ఇంకా మెల్లగా తోమాలి.

పర్లాకిమిడి_మాస్టారు:
కట్టుడు పళ్ళ సంగతి కూడా చెప్పమ్మా. మా బావగారిని చేర్చినప్పుడు సిస్టర్ ఒడియాలో ఏదో అడిగింది. మా అక్కది ఇచ్ఛాపురం అవతల పల్లెటూరు, ఒడియా రాదు. కంగారులో తల ఊపేసింది. పై వరసలో ఒక్క పన్నున్న ప్లేటు మర్నాటి వరకు నోట్లోనే ఉండిపోయింది. అది ఊడి గొంతులోకి పోయుంటే? ఒడియా వచ్చినవాళ్ళు ఒకరు తోడు ఉండాలి.

రాయగడ_వదిన:
సిస్టర్, మా వాళ్ళకి నోరు కడిగే మందు పూసేవారు. దాంతో సరిపోదా?

ఐసీయూ_సిస్టర్:
అది క్లోర్‌హెక్సిడిన్ అయి ఉంటుంది వదినా. చాలాకాలం అందరం వాడాం, ఇప్పటికీ వాడేచోట్లు ఉన్నాయి. కానీ 2022లో అమెరికా నిపుణుల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల్లో బ్రష్‌తో తోమమన్నారు, ఆ మందు వద్దన్నారు. దానివల్ల మేలు కంటే హాని ఉండొచ్చన్న అనుమానమే కారణం. 2023 చివర్లో 15 ట్రయల్స్ కలిపి చూస్తే, బ్రష్ చేసినవాళ్ళలో ఆసుపత్రిలో వచ్చే నిమోనియా మూడో వంతు దాకా తక్కువ కనిపించింది. మూడు నాలుగుసార్లు తోమినా రెండుసార్లకి మించిన లాభం కనపడలేదు. కాబట్టి మందు గురించి వాదన పెట్టుకోకండి. "బ్రష్ చేస్తున్నారా, ఎన్నిసార్లు?" అని అడగండి చాలు.

గోపాల్‌పూర్_శ్రీను:
ఇంకో మాట. మా తాతకి అలా ఉన్నప్పుడు మా చిన్నమ్మ పూరీ నిర్మాల్యం (జగన్నాథుడి ఎండబెట్టిన అన్నప్రసాదం) నీళ్ళలో తడిపి నోట్లో వేయబోయింది. సిస్టర్ చెయ్యి పట్టుకుని ఆపి, చిన్న కవర్లో పెట్టి దిండు కింద ఉంచింది. చిన్నమ్మ మనసు కూడా నొచ్చుకోలేదు. తులసి నీళ్ళయినా, తీర్థమయినా నోట్లో చుక్క కూడా వెయ్యకండి.

గంజాం_అమ్మాయి:
అందరికీ దండాలు. నిన్న సాయంత్రం సిస్టర్‌ని అడిగాను. విసుక్కోలేదు. చిన్న బ్రష్ తెమ్మంటే కింద షాపులో కొనిచ్చాను, నాన్న బెడ్ నంబరు రాసిన స్టికర్ అంటించుకున్నారు. పై పన్ను ఒకటి కట్టించుకున్నారని, అది ఊడదీసేది కాదని కూడా చెప్పాను. ఈ పొద్దున చూస్తే ట్యూబు కుడివైపుకి మార్చి కట్టారు. పెదవులు తడిగా ఉన్నాయి. వాసన ఇంకా ఉంది కానీ తగ్గింది. నాన్న కళ్ళు తెరవలేదు. సాయంత్రం మళ్ళీ వెళ్తాను.